కండక్టరమ్మ క్లిప్పులు

అది 2022వ సంవత్సరం, వానలు గట్టిగా పడుతున్న జూలై నెల. కరోనా భయం తగ్గి, డాక్టరు ముందు నోరు తెరవడానికి జనం మళ్లీ ధైర్యం చేస్తున్న రోజులు. హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో నా క్లినిక్ ఉంది. నేను ఆర్థోడాంటిస్టును. అంటే వంకర పళ్లనూ ఎత్తు పళ్లనూ వరసలోకి తెచ్చే డాక్టర్‌ని. మా ఊళ్లో ఆ పేరుతో నన్నెవరూ పిలవరు. 'క్లిప్పుల డాక్టరమ్మ' అంటేనే ఆటోవాళ్లకు తెలుస్తుంది. పంటి నొప్పితో వచ్చినవాళ్లు ఏ డెంటిస్టు దగ్గరైనా ఒకటి రెండు పూటల్లో తేల్చుకుని వెళ్లిపోతారు. నా దగ్గరికి వచ్చినవాళ్లు మాత్రం రెండేళ్లు నెలనెలా వస్తారు. ఆ రెండేళ్లలో వాళ్ల పరీక్షల మార్కులు, ఇళ్లలో పెళ్లిళ్లు, అలకలు అన్నీ నాకు తెలిసిపోతుంటాయి. అయినా ఒక తల్లీకూతుళ్ల విషయంలో, అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి దాదాపు ఏడాది దాకా నాకు తెలియలేదు.

ఆ తల్లి పేరు సుగుణ. బస్సు కండక్టరు. హనుమకొండ, నర్సంపేట మధ్య తిరిగే బస్సులో డ్యూటీ. నలభై దాటిన మనిషి. భర్త కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ఆ రోజు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద ఖాకీ చొక్కా అలాగే ఉంది. ముఖానికి నల్ల మాస్కు. పక్కన కూతురు శ్రీజ. ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, మోకాలి మీద మానుతున్న దెబ్బతో గోడకు ఆనుకుని నిలబడింది.

"మేడం, మా బిడ్డకు ముంగటి పండ్లు జర ఎత్తున్నయ్. క్లిప్పులేసి సక్కగ జెయ్యాలె," అంది సుగుణ.

పిల్లను కుర్చీలో పడుకోబెట్టి చూశాను. పై వరసలో ముందు పళ్లు కొద్దిగా ముందుకున్నాయి. ఎడమ కోరపన్ను కాస్త పక్కకు తిరిగింది. అంతే. మేం 'మైల్డ్' అని రాసుకునే రకం.

"తొందరేం లేదమ్మా. ఒకటి రెండేళ్లు ఆగినా నష్టం లేదు," అన్నాను.

"వద్దు మేడం, ఆగుడు వద్దు. ఇంక పెద్దగైతే నలుగురు అనుడు షురూ జేస్తరు. అంతకు ముందే అయిపోవాలె."

"ఏమ్మా శ్రీజా, బ్రష్ బాగా చేస్తావా?"

"చేస్తది మేడం. నేను చేపిస్త."

"మెత్తగా వండినవి తింటావా కొన్నాళ్లు?"

"తింటది మేడం. ఏది పెడితే అది తింటది."

పిల్లను అడిగిన ప్రతి ప్రశ్నకూ తల్లే జవాబు చెప్పింది. అప్పుడది నాకు విశేషంగా తోచలేదు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో సగం మంది అంతే. శ్రీజ పైకప్పు కేసి చూస్తూ పడుకుంది. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

రెండు వారాల్లో క్లిప్పులు వేశాం. ఒక్కో పంటి మీద అతికించే చిన్న లోహపు ముక్కను బ్రాకెట్ అంటారు. బ్రాకెట్ల గాడిలోంచి వెళ్లే సన్నటి తీగ ఆర్చ్ వైర్. వంచి కట్టిన ఆ తీగ తిరిగి తన ఆకారానికి రావాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడుకు పన్ను నెమ్మదిగా, నెలకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా కదులుతుంది. కదిలించడం నా పని. శుభ్రంగా ఉంచుకోవడం పేషెంటు పని. క్లిప్పుల చుట్టూ అన్నం మెతుకులు, పిండి, తీపి ఇరుక్కుంటాయి. తిన్న ప్రతిసారీ బ్రష్ చేయాలి. తీగ కింద మామూలు బ్రష్ వెళ్లదు కాబట్టి ఇంటర్‌డెంటల్ బ్రష్ అని సీసాలు కడిగే బ్రష్‌కు పిల్లలా ఉండేది ఒకటి ఇస్తాం. సకినాలు, మక్క కంకులు, పల్లి పట్టీలు, చెరుకు ముక్కలు బంద్. జామకాయైనా ఆపిలైనా ముక్కలు కోసి, వెనక పళ్లతో నమలాలి. ఇవన్నీ మా సరోజ ప్రతి పేషెంటుకూ పాఠంలా చెప్తుంది. సరోజ నా అసిస్టెంటు, నాకంటే పదేళ్లు పెద్ద, క్లినిక్ తెరిచిన రోజు నుంచీ ఉంది. ఆమె పాఠం చెప్తుంటే వింటున్నది సుగుణ. శ్రీజ కిటికీలోంచి బస్సులు చూస్తోంది.

రెండో నెలలో ఒక బ్రాకెట్ ఊడి వచ్చింది. మూడో నెలలో రెండు. 

"ఏం తిన్నావమ్మా?"

"సకినం," అంది శ్రీజ నేల చూస్తూ.

"సకినాల డబ్బ అటక మీద పెట్టిన మేడం! నిచ్చెన గూడ పక్కింట్లనే ఉన్నది. ఇది ఎక్కడ తింటాందో నాకైతే తెల్వది," అని సుగుణ తల పట్టుకుంది.

ఆ తర్వాత మక్క కంకి. ఆ తర్వాత 'ఏం తినలేదు, అదే ఊడింది.' అతికిస్తాను, ఊడి వస్తుంది. ఇదిలా ఉంటే బ్రషింగ్ ఇంకా అధ్వానం. ఒకసారి డిస్‌క్లోజింగ్ సొల్యూషన్ పూశాను. అదొక రంగు మందు. పంటి మీద పాచి ఎక్కడ మిగిలిందో అక్కడ గులాబీ రంగు పట్టుకుంటుంది. శ్రీజ నోరంతా హోలీ ఆడినట్టయింది. అద్దం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మంచిగనే ఉంది గద," అంది. సరోజ నవ్వు ఆపుకోలేక పక్క గదిలోకి వెళ్లింది.

సుగుణ మాత్రం తన ప్రయత్నం మానలేదు. "బస్సు కదలంగనే ఫోన్ జేస్త మేడం, బ్రష్ చేసినవా లేదా అని. బస్సుల అందరు ఇంటరు. రోజు ఎక్కే ఒక ముసలమ్మ ఉన్నది, ఇప్పుడు నాకన్న ముందు ఆమెనే అడుగుతాంది, 'నీ బిడ్డ పండ్లు తోముకున్నదానే' అని."

ఇలా చెప్పి నవ్వేది. ఆ నవ్వు కళ్లలోనే కనిపించేది నాకు. ఊరంతా మాస్కులు తీసేసినా ఆమె తీయలేదు. సరోజ టీ ఇస్తే "ఇప్పుడే తాగొచ్చిన అక్కా," అనేది. బస్సుల్లో దుమ్ముకు అలవాటై పెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను.

మరుసటి ఏడాది ఎండాకాలానికి శ్రీజ చిగుళ్లు వాచి, బ్రష్ తగిలితే రక్తం వస్తోంది. రెండు పళ్ల మీద బ్రాకెట్ల చుట్టూ సున్నపు చుక్కల్లాంటి తెల్ల మచ్చలు కనిపించాయి. వాటిని 'వైట్ స్పాట్స్' అంటాం. పాచిలోని ఆమ్లానికి పంటి పై పొర కరగడం మొదలైందని అర్థం. అది చూసి నాకు భయమేసింది. వరస సరిచేయబోయి పళ్లనే పాడు చేస్తున్నాను.

"సుగుణమ్మా, ఇక ఇలా సాగదు," అన్నాను. "వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే క్లిప్పులు తీసేస్తాను. పుచ్చిపోయిన పళ్లు ఎంత వరసగా ఉంటే ఏం లాభం?"

సుగుణ కూతురి వైపు తిరిగింది. "ఇన్నవానే? మేడం ఏమంటాందో ఇన్నవా? నీకేం తెల్సు ఎత్తుపండ్లుంటె ఎట్లుంటదో! ఫోటోల నవ్వరాదు, నలుగుర్ల నోరు తెరవరాదు. అసొంటి బతుకు నీకు వద్దనే గద నేను ఇంత కొట్లాడుతాన!"

శ్రీజ కుర్చీలో లేచి కూర్చుంది. పది నెలల్లో ఆ పిల్ల గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

"నాకు ఎత్తుపండ్లు లేవమ్మా! నీకున్నయ్. నీ పండ్లు సక్కగ లేవని నా నోట్ల తీగలు పెట్టిచ్చినవ్!"

సుగుణ ఒక్క క్షణం నిలబడి, సంచీ తీసుకుని బయటికి నడిచింది. తలుపు దానంతటదే మూసుకుంది.

నేను స్టూలు లాక్కుని శ్రీజ ఎదురుగా కూర్చున్నాను. "శ్రీజా, నీకు ఈ క్లిప్పులు కావాలా?" అని అడిగాను. అడుగుతుంటేనే నాకు తెలిసింది, ఈ మాట నేను మొదటిరోజు అడగాల్సింది.

"నన్ను ఎవ్వరు అడగలె మేడం," అంది. "నేను కబడ్డీ ఆడుత. స్కూల్ టీంల ఉన్న. రైడ్‌కు పోయినప్పుడు మూతికి దెబ్బ తాకితే లోపల పెదవి తెగుతాంది. రెండు సార్లు మస్తు రక్తమొచ్చింది. అమ్మకు చెప్తే ఆట బంద్ జేపిస్తది. అందుకే చెప్పలె."

"మరి బ్రాకెట్లు?"

"పెన్ను క్యాప్‌తోని నేనే పీకుతాన. అన్ని ఊడిపోతె మీరే ఇగ వద్దంటరని."

సరోజ గోడ వైపు తిరిగింది. నవ్వుతోందో బాధపడుతోందో ఆమె వీపు చూసి చెప్పలేకపోయాను. నేను పిల్ల కింది పెదవి తిప్పి చూశాను. మానిన గాట్లు రెండున్నాయి. వాటిని నేను అంతకుముందే చూశాను. ఆమె ఫైలు తీస్తే నా చేతిరాతే కనిపించింది: 'పెదవి లోపల పుండు, వ్యాక్స్ ఇచ్చాం.' తీగ గుచ్చుకోకుండా బ్రాకెట్ మీద అద్దుకునే మైనం ముక్క ఇచ్చి, పుండు ఎలా వచ్చిందని అడగకుండా పంపించేశాను. ఆటలాడే పిల్లలకు మౌత్‌గార్డ్ అని రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. అది తయారు చేయడం ఒక పూట పని. ఈ పిల్ల ఆడుతుందా అన్నది మాత్రం నేను అడగనే లేదు. మొదటిరోజే ఆ మోకాలి దెబ్బ చూసి కూడా.

"తొడుగు చేసిస్తే ఉంచుకుంటావా?"

శ్రీజ బాగా ఆలోచించే చెప్పింది. "వద్దు మేడం. తీసెయ్యుండ్రి. నాకు నా పండ్లు మంచిగనే అనిపిస్తయ్."

బయట మెట్ల మీద సుగుణ కూర్చుని ఉంది. మాస్కు తీసి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నన్ను చూసి చటుక్కున మాస్కు అందుకోబోయి, ఎందుకో ఆగిపోయింది. ఆమె నోటిని నేను చూడడం అదే మొదటిసారి. పై పళ్లు బాగా ముందుకున్నాయి, పెదవులు కలవాలంటే ప్రయత్నం చేయాలి. నేను పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"బిడ్డ అన్నది నిజమే మేడం," అంది. "దాని పండ్లు నాకు నా తీర్గనే కనవడ్డయ్. చిన్నప్పుడు బళ్లె నన్ను పేరువెట్టి పిలిచినోళ్లు లేరు. పెండ్లి ఫోటోల మూతి గట్టిగ మూసుకున్న, ఏడ్సినట్టు వచ్చింది. బస్సుల గూడ వెనక నుంచి అంటనే ఉంటరు, 'పండ్ల కండక్టరు' అని. మాస్కులొచ్చినప్పుడు లోకమంత భయపడ్డది. నాకు మాత్రం పానం హాయి అనిపించింది. ఇది చెప్తే పాపమేమో గని."

"పాపమేం కాదు," అన్నాను. "మరి ఆ క్లిప్పులేవో మీరే వేయించుకోవచ్చు కదా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "నాకా? నలభై రెండేండ్లు నాకు!"

"చిగుళ్లు, ఎముక గట్టిగా ఉంటే వయసు అడ్డం కాదు. పిల్లల కంటే కాస్త ఆలస్యం అవుతుంది, అంతే."

"ఊకోండ్రి మేడం," అని లేచి చీర దులుపుకుంది. కానీ శ్రీజ క్లిప్పులు తీసేయడానికి ఒప్పుకుంది. ఆ వారమే తీసేశాం. పైపొర గట్టిపడడానికి ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, పళ్లు మళ్లీ పాత చోటికి జరక్కుండా రాత్రిళ్లు పెట్టుకోమని రిటెయినర్ ఇచ్చాను. పిల్ల మెట్లు రెండేసి దూకుతూ దిగడం కిటికీలోంచి చూశాను.

మూడు నెలల తర్వాత శ్రీజ చెకప్‌కు వచ్చింది. చిగుళ్లు గులాబీ రంగులో నిగనిగలాడుతున్నాయి. ఎవరూ ఫోన్ చేసి అడక్కపోతేనే బ్రష్ బాగా చేస్తోంది. వచ్చిన పని అయ్యాక కుర్చీ దిగి, తల్లి చెయ్యి పట్టి లాగింది.

"మేడం, ఇయ్యాల అమ్మది చూడుండ్రి. ఇంట్ల అద్దం ముంగట నిలవడి వేలుతోని పండ్లు లోపలికి ఒత్తుకుంటాంది. నేను చూసిన."

"ఏయ్, ఊకో!" అంటూనే సుగుణ మాస్కు తీసి కూర్చుంది.

ఓపీజీ తీయించాం. మొత్తం దవడ ఒకే ఫోటోలో కనిపించే ఎక్స్‌రే అది. ఎముక బాగుంది. చిగుళ్లు మాత్రం బాగాలేవు. ఏళ్ల తరబడి గట్టిపడిన గారను స్కేలింగ్‌తో తీసి, చిగుళ్లు కోలుకునేదాకా రెండు నెలలు ఆగాం. పళ్లు వెనక్కి జరగడానికి చోటు కావాలి కాబట్టి పైన రెండు, కింద రెండు పళ్లు తీయాల్సి ఉంటుందని చెప్పాను. రెండేళ్లు దాటుతుందని చెప్పాను. అన్నీ విని ఆమె అడిగింది ఒక్కటే.

"విజిల్ ఊదొస్తదా మేడం? బస్టాండుల బస్సు ఎనక్కి తియ్యాలంటె విజిల్ గావాలె."

"నాలుగు రోజులు కష్టం. తర్వాత అలవాటవుతుంది."

అలవాటవడానికి మూడు వారాలు పట్టింది. వెనక పళ్లు కదలకుండా అంగిట్లో అడ్డంగా ఒక తీగ వేశాను. దాంతో నాలుక తిరగదు, 'స' పలకదు. ఆమె పిలవాల్సిన ఊరేమో నర్సంపేట. "నర్శంపేట్, నర్తంపేట్ అనుకుంట నిలవడ్డ మేడం బస్టాండుల. ఒకాయన వచ్చి 'అమ్మా, ఇది కొత్త రూటా' అని అడిగిండు!" అని చెప్పి తానే పడీపడీ నవ్వింది. విజిల్ ఊదితే గాలి తప్ప చప్పుడు రావడం లేదని, బస్సు వెనక రేకు మీద అరచేత్తో బాది పని నడిపించిందట. డ్రైవరు మొదట్లో ఆటపట్టించినా, తర్వాత జామకాయలు కొన్నప్పుడు ఆమె వాటా ముక్కలు కోసి పెట్టడం మొదలుపెట్టాడు.

ఇంట్లో సంగతి ఇంకా బాగుంటుంది. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు శ్రీజ. నా దగ్గర డిస్‌క్లోజింగ్ సొల్యూషన్ చిన్న సీసా ఒకటి అడిగి తీసుకెళ్లింది. ప్రతి ఆదివారం తల్లి పళ్లకు రంగు పూసి, ఫోటో తీసి, గులాబీ రంగు మిగిలిన చోట్ల ఎర్ర బాణాలు గీసి నాకు వాట్సాప్‌లో పంపేది. కింద ఒక వాక్యం: 'ఎడమ దిక్కు వెనక పండ్లు మళ్ల ఎగ్గొట్టింది మేడం.' సుగుణ టికెట్ల సంచీలో ఒక చిన్న స్టీలు డబ్బా చేరింది. అందులో బ్రష్, చిన్న బ్రష్, వ్యాక్స్, చేతి అద్దం. నర్సంపేట బస్టాండులో మధ్యాహ్నం అన్నం తిన్నాక నల్లా దగ్గర నిలబడి తీరిగ్గా బ్రష్ చేసుకునేది. తోటి కండక్టర్లు నవ్వారు. కొన్నాళ్లకు వాళ్లలో ఇద్దరు తమ పళ్ల బాధలు పట్టుకుని ఆమె వెంటే నా దగ్గరికి వచ్చారు.

ఒక రోజు పొద్దున పదింటికి ఫోన్. వెనకాల బస్సు ఇంజను చప్పుడు. "మేడం, తీగ కొస బయటికొచ్చి బుగ్గకు పొడుస్తాంది!"

"డబ్బాలో వ్యాక్స్ ఉంది కదా? చిన్న ఉండ చేసి దాని మీద అద్దండి, సాయంత్రం వస్తే కత్తిరిస్తాను."

"వ్యాక్స్ లేదు మేడం. నిన్న కాలేజి పిల్ల ఒకామె బస్సుల ఏడ్సుకుంట కూసున్నది. కొత్తగ క్లిప్పులేసిండ్రట. నాదంత ఆమెకే ఇచ్చిన. ఎట్ల పెట్టుకోవాల్నో గూడ చూపెట్టిన."

డ్యూటీ మధ్యలో చౌరస్తా దగ్గర బస్సు ఆగినప్పుడు, సరోజ కిందికి పరుగెత్తి కిటికీలోంచి వ్యాక్స్ డబ్బా అందించి వచ్చింది.

అంతా నవ్వులే అనుకుంటే పొరపాటు. తొమ్మిదో నెలలో ఒకసారి సుగుణ కుర్చీలో కూర్చుని, "తీసెయ్యుండ్రి మేడం, నాతోని కాదు," అంది. మరిపెడలో చుట్టాల పెళ్లికి వెళ్లింది. అక్కడ భోజనాల దగ్గర ఆడవాళ్లు చుట్టూ చేరి, ఆడపిల్ల పెళ్లీడుకొస్తుంటే తల్లికి సోకులేంటని నవ్వారట. ఆమె తినకుండానే లేచి వచ్చేసింది. 

అప్పటికి ముందు పళ్లు సగం దూరం వెనక్కి వెళ్లాయి. అక్కడ ఆపితే పళ్లు తీసిన చోట సందు మిగిలిపోతుంది, ఎటూ కాకుండా పోతుంది. ఇది నాకు తెలుసు. పాత నేనైతే కోప్పడి, బిగించి పంపేసేదాన్ని. ఈసారి పనిముట్టు కింద పెట్టాను. ఇప్పుడు ఆపితే ఏమవుతుందో దాచకుండా చెప్పి, "తీయమంటే తీస్తాను. మీరే చెప్పండి," అన్నాను.

సుగుణ కూతురి వైపు చూసింది. శ్రీజ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బతిమాలుతుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నాను.

"నన్నెందుకు చూస్తవమ్మా," అంది నెమ్మదిగా. "నోరు నీది."

సుగుణ ఒడిలో ఉన్న చేతి అద్దం తీసి, పెదవి ఎత్తి, ఒక్కో పన్నూ చూసుకుంది. ఎవరో కొత్త మనిషిని పరిచయం చేసుకుంటున్నట్టు చూసింది. తర్వాత అద్దం సరోజ చేతికిచ్చి, కుర్చీలో వెనక్కి వాలింది.

"బిగియ్యుండ్రి మేడం."

మొత్తం రెండేళ్ల రెండు నెలలు పట్టింది. క్లిప్పులు తీసిన రోజు మా పద్ధతి ప్రకారం ఫైలు కోసం ఫోటోలు తీయాలి. నవ్వమన్నాను. సుగుణ ఎంత గట్టిగా నవ్విందంటే కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. మళ్లీ తీశాను, మళ్లీ కళ్లు మూతే. నాలుగుసార్లు ప్రయత్నించాం. సరోజ, శ్రీజ, నేను ముగ్గురం 'కళ్లు, కళ్లు' అని అరుస్తుంటే ఆమెకు ఇంకా నవ్వు. చివరికి కళ్లు మూసుకున్న ఫోటోనే ఫైల్లో పెట్టాను. ముందు పళ్లు తిన్నగా, పెదవులు వాటంతటవే కలిసేలా, నా వృత్తిలో నేను చెప్పుకోదగ్గ ఫలితాల్లో అదొకటి. కానీ దాన్ని మీటింగుల్లో చూపించినప్పుడల్లా, కళ్లు మూసుకున్న ఫోటో ఎందుకు పెట్టారని తోటి డాక్టర్లు అడుగుతారు.

శ్రీజ ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీ ఆడుతూనే ఉంది. క్లిప్పులు లేకపోయినా మౌత్‌గార్డ్ కావాలని తనే వచ్చి కొలతలిచ్చి చేయించుకుంది. కోరపన్ను కాస్త పక్కకు తిరిగే ఉంది, ఆ పిల్ల నవ్వుకు అదే అందం అని నాకిప్పుడు అనిపిస్తుంది. వైట్ స్పాట్స్ చాలావరకు మానాయి, ఒక పంటి మీద మాత్రం మచ్చ మిగిలింది. అందులో నా తప్పు ఉంది. ఆమెకూ ఆ మాట చెప్పాను.

ఈ కేసు తర్వాత నా క్లినిక్‌లో ఒక మార్పు జరిగింది. కొత్తగా పిల్లలు వస్తే, నోరు చూడకముందే తల్లిదండ్రులను ఐదు నిమిషాలు బయట కూర్చోమంటాను. సరోజ తలుపు పక్కనే ఉంటుంది. కొందరు తల్లులు నొచ్చుకుంటారు, కొందరు నాన్నలు తలుపు అద్దంలోంచి తొంగి చూస్తారు. ఆ ఐదు నిమిషాల్లో పిల్లలను నేను అడిగేది చిన్నదే: ఇది నీకు కావాలా, నీ పళ్లలో నీకు నచ్చనిదేమైనా ఉందా, నువ్వు రోజంతా ఏం చేస్తుంటావు? ఒకడు పాటల పోటీలకు వెళ్తానంటాడు. ఒకమ్మాయి పానీపూరీ తినొచ్చా అని అడుగుతుంది. ఒక పిల్లాడు నొప్పి గురించి అడగలేక షర్టు గుండీ తిప్పుతూ కూర్చుంటాడు. ఎక్కువమంది కావాలనే అంటారు. అలా అన్నవాళ్ల దగ్గర బ్రష్ గురించి నేను గొంతు పెంచాల్సిన అవసరం దాదాపుగా రాలేదు. పన్ను ఎటు కదలాలో లెక్కకట్టడం నాకు కాలేజీలో నేర్పారు. ఆ పన్ను ఎవరిదో ముందు కనుక్కోవాలని నేర్పింది ఈ తల్లీకూతుళ్లే.

వద్దన్న పిల్లలూ ఉంటారు. ప్రాణానికో నమలడానికో ఇబ్బంది లేకపోతే వాళ్లను పంపించేస్తాను. పంపేముందు వాళ్లకో మాట చెప్తాను: ఎప్పుడైనా నీకు నీకోసం కావాలనిపిస్తే రా, పదహారేళ్లకు వచ్చినా నలభై రెండేళ్లకు వచ్చినా ఈ కుర్చీలో చోటుంటుంది. నలభై రెండు అనగానే పిల్లలు ఫక్కున నవ్వుతారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వి, తలుపు తీసి తల్లిదండ్రులను లోపలికి పిలుస్తాను.